దేని నుంచి రక్షణ?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే వూరుంది. అక్కడ కొన్ని మాదిగ కుటుంబాలు క్రైస్తవం వదిలి యూదు మతం స్వీకరించాయి. ఈ సంగతి మన సభల్లో ఎప్పుడు ప్రస్తావనకు వచ్చినా ముందు ఒక నవ్వు వినిపిస్తుంది. నవ్వు తర్వాత వచ్చే మాటలు కూడా దాదాపు మారవు. ఇజ్రాయెల్ వీసా కోసం వేసిన వేషం అని ఒకరంటారు. ఒక మత్తు మాని ఇంకో మత్తు పట్టారని మరొకరంటారు. ఈ రెండో మాట అన్నవారు, దానితో భౌతికవాదం చెయ్యవలసిన పని పూర్తయిందని కూడా అనుకుంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ నవ్వుకు జవాబు. ఆ కుటుంబాల తరఫున వకాల్తా పుచ్చుకుని రాస్తున్నానని ఎవరూ అనుకోనక్కర లేదు. వారితో కూడా నాకు తగాదా వుంది, దాని సంగతి తర్వాత.

జరిగినది క్లుప్తంగా ఇది. క్రైస్తవ బోధకులుగా పనిచేసిన ఇద్దరు అన్నదమ్ముల నాయకత్వాన, 1980ల చివరి సంవత్సరాల్లో, ఈ కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము సంతతి, అని ప్రకటించుకున్నాయి. క్రీస్తుకు పూర్వం 722 ప్రాంతంలో అష్షూరు రాజులు ఉత్తర ఇశ్రాయేలును జయించి చెరపట్టుకుపోయిన గోత్రాలలో ఎఫ్రాయిము ఒకటి. తాము ఆ తప్పిపోయిన గోత్రపు బిడ్డలమని వీరి వాదం. 1991లో వూళ్లో సమాజమందిరం వెలిసింది. ఆదివారం పోయి శనివారం వచ్చింది. మగపిల్లలకు సున్నతి, పస్కా పండుగ, హెబ్రూ అక్షరాభ్యాసం వచ్చాయి. యేసు పేరు ప్రార్థనలోనుంచి పోయింది. అన్నిటికన్నా పెద్ద మార్పు ఈ చివరిదే. యేసు రక్తం వల్ల పాపవిముక్తి, విశ్వాసం వల్ల పరలోకం అనే సూత్రం మీదనే వారి తాతముత్తాతలు బాప్తిస్మం పొందారు. ఆ సూత్రాన్ని వదిలేసినవాడు "నీకు రక్షణ ఎలా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. మన మిత్రులు వీసా గురించి మాట్లాడతారు గాని ఈ ప్రశ్న జోలికి పోరు.

వీసా వాదం తర్కానికి ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు, యూదులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారికి వెనుకబడిన తరగతుల 'సి' విభాగం కింద ఒక్క శాతం దక్కుతుంది. యూదుడినని కాగితం మీద రాసినవాడికి, అక్షరాలా చదివితే, ఆ ఒక్క శాతం కూడా లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న ఒక దళితుడికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడు మాత్రం తిట్టే ముందు బాప్తిస్మం పత్రం చూపించమని అడగడు. ఇటువంటి దేశంలో మాదిగవాడు మతం మార్చుకోవడం లాభసాటి బేరమని అనేవారికి లెక్కలు రావు. ఇజ్రాయెల్ సంగతా? ముప్ఫై ఏళ్లు దాటినా ఆ ప్రభుత్వం వీరిని ఒక సమూహంగా గుర్తించలేదు. గుర్తింపు రాకపోయినా సమాజమందిరం మూతపడలేదు. కొందరి మనసులో వలస ఆశ లేదని నేననను. అమెరికా వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేసే మన మధ్యతరగతి బంధువులకు ఆ ఆశ వుండవచ్చునట, మాదిగ కూలికి మాత్రం వుండకూడదట!

పేదవాళ్లు తమంతట తాము యూదు మతంలోకి వెళ్లడం కొత్తరెడ్డిపాలెంలోనే మొదలు కాలేదు. దక్షిణ ఇటలీలో గార్గానో కొండల్లో సాన్ నికాంద్రో అనే వూరు. దొనాతో మందుత్సియో అనే పేదరైతు మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్నంత పనై ఇంటికి చేరాడు. అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాడు. 1930 ప్రాంతంలో అతని చేతికి ఒక బైబిలు వచ్చింది. పాత నిబంధన చదివి, దేవుడు సీనాయి కొండ మీద ఇచ్చిన ధర్మశాస్త్రమే సత్యమని నిశ్చయించుకున్నాడు. లోకంలో యూదులనేవారు ఇంకా మిగిలివున్నారని కూడా అప్పటికి అతనికి తెలియదు. వూళ్లోకి వచ్చిన ఒక తిరుగుడు వర్తకుడు చెబితే తెలిసింది! రోము నగరపు రబ్బీలకు ఉత్తరాలు రాస్తే వారు మొదట పరిహాసం అనుకున్నారు. ఇంతలో 1938 వచ్చింది. ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు చేసి యూదులను బడుల నుంచి, కొలువుల నుంచి వెళ్లగొట్టింది. యూదుడిగా పుట్టినవాడే ఆ సంగతి దాచుకోవాలని చూసే రోజుల్లో, ఈ కూలీలు, చిన్న రైతులు మేము యూదులమేనని పట్టుపట్టారు. 1946లో వారి మతస్వీకారం శాస్త్రోక్తంగా జరిగింది. మందుత్సియో 1948లో ఆ వూళ్లోనే చనిపోయాడు. 1949లో వారిలో చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. 1938లో ఏ వీసా ఆశ చూపి వారిని నిలబెట్టారో మన మిత్రులు చెప్పాలి.

ఇక రక్షణ. తెలుగు క్రైస్తవుల నోట ఈ మాట ఎంతగా అరిగిపోయిందంటే, దాని అర్థం ఎవరూ తరచి చూడరు. "రక్షించబడ్డావా?" అని అడుగుతారు. దేని నుంచి? పాపం నుంచి, నరకం నుంచి. ఎప్పుడు? చచ్చిన తర్వాత. కాని తెలుగు బైబిలులోనే నిర్గమకాండము పద్నాలుగో అధ్యాయం తీసి చూడండి. వెనుక ఫరో రథాలు, ముందు ఎర్ర సముద్రం. మోషే ఆ జనానికి దేవుడు ఈ రోజే చెయ్యబోయే దాన్ని చెప్పినప్పుడు వాడిన మాట కూడా రక్షణే. అక్కడ ఆ మాటకు ఆదాము పాపంతో నిమిత్తం లేదు, పరలోకంతో నిమిత్తం లేదు. ఇటుకలు చేయించే యజమాని నుంచి, కొరడా పట్టిన మేస్త్రీ నుంచి, వెంటబడి వచ్చే సైన్యం నుంచి ఒక జనం మొత్తంగా బయటపడటం దాని అర్థం. ఒకే పుస్తకం, ఒకే మాట. మధ్యలో అర్థం ఎప్పుడు మారిందని అడిగే హక్కు ఆ పుస్తకం చదివే కూలికి లేదా?

మన జిల్లాల్లో ఆ మార్పు జరిగిన తీరు చూడవచ్చు. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కంట్రాక్టు తీసుకున్నాడు. కూలి దొరికింది. అంతకన్నా ముఖ్యం, మాదిగలకు తమవాళ్లే మేస్త్రీలయ్యారు. అగ్రకుల మేస్త్రీ చేతి దెబ్బ, కూలిలో కోత అక్కడ లేవు. కరువు పని సాగినన్నాళ్లు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, క్లౌ బాప్తిస్మాలు ఆపివుంచాడు. పని ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది ముగిసేలోగా లెక్క తొమ్మిది వేలు దాటింది. ఆ జనం నదిలో దిగింది ఆదాము చేసిన తప్పు తమకు తెలిసివచ్చి అని ఎవరైనా చెబితే నేను నమ్మను. వారు కాలవ గట్టు మీద ఒక రక్షణ చూశారు. దాన్ని నమ్మి నదిలో దిగారు. మిషన్ వారికి బడులు పెట్టింది, ఆసుపత్రులు పెట్టింది. ఆ మేలు కాదన్నవాడు కృతఘ్నుడు. కాని రక్షణ మాత్రం కాలవ గట్టు నుంచి క్రమంగా పైకి, ఆకాశంలోకి పోయింది. కింద పల్లె పల్లెగానే వుండిపోయింది. గుంటూరు జిల్లాలో మాలలు ఎక్కువగా లూథరన్లు, మాదిగలు ఎక్కువగా బాప్తిస్టులు, కథోలిక చర్చిలో రెడ్లూ కమ్మవారూ. కులాన్ని బట్టి మందిరం! 1941లో జాషువా "గబ్బిలం" వచ్చేనాటికి గుంటూరులో మిషన్ పుట్టి నూరేళ్లు కావస్తున్నది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ కవి తన నాయకుడి ఆకలిని పాస్టరుకు నివేదించుకోలేదు, గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురంపాడు. ఈ చిత్రం మీద మన విమర్శకులు చెప్పవలసినంత చెప్పలేదని నా ఫిర్యాదు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. కొత్తరెడ్డిపాలెంలో మతం మార్పు ఈ రెండు తేదీల నడుమ జరిగింది. ఒకదానికొకటి కారణమని నా దగ్గర రుజువు లేదు, అనను కూడా. కాని ఆ గాలి పీల్చినవాడు "రక్షణ దేని నుంచి?" అని అడగడం దేవుడి మీద సందేహం ఒక్కటే కాదని అర్థం చేసుకోవడానికి రుజువులేమీ అక్కర లేదు.

ఆ అడిగినవాడికి యూదు మతం ఏం చెప్పింది? ఇక్కడ మన మిత్రులు పుస్తకాలు తిరగెయ్యాలి. ఆదాము పాపం బిడ్డలకు పుట్టుకతో సంక్రమిస్తుందని యూదు మతం ఒప్పుకోదు. పుట్టుకతోనే మైల అన్న మాట తరతరాలుగా వింటున్న మాదిగవాడికి, పుట్టుకతోనే పాపివి అన్న బోధ ఎలా వినిపించిందో ఆలోచించండి. ఒకడు వూరి బయట వుంచి చెప్పాడు, ఇంకొకడు ప్రేమతో కౌగిలించుకుని చెప్పాడు. చెప్పిన మాట పోలిక మాత్రం పోలేదు. ఇక ప్రాయశ్చిత్త దినం సంగతి. దేవుడి ఎడల చేసిన తప్పును ఆ దినం తుడుస్తుంది గాని, పొరుగువాడికి చేసిన అన్యాయాన్ని ఆ పొరుగువాడిని సమాధానపరిచేదాకా తుడవదని మిష్నా నియమం. దీన్ని మన వూళ్లకు అన్వయించి చూస్తే, పాలేరును కొట్టిన ఆసామి గుడిలో మొక్కితే చాలదు, చర్చిలో మోకరిల్లితే చాలదు, పల్లెకు నడిచివచ్చి ఆ పాలేరు ముందు నిలబడాలి. యూదు ధనికులందరూ దీన్ని పాటించారని కాదు. నియమం నియమంగా ఎటు చూస్తున్నదో గమనించమంటున్నాను.

మెస్సీయ విషయం కూడా అంతే. 1263లో బార్సిలోనా నగరంలో రాజు సమక్షాన క్రైస్తవ పండితులతో జరిగిన వాదంలో రబ్బీ నహ్మానిదు ఒక మోటు ప్రశ్న వేశాడు. మెస్సీయ వచ్చివెళ్లాడంటున్నారు, మరి లోకంలో దోపిడీ, రక్తపాతం అప్పటికన్నా తగ్గాయా? ఆత్మలో వచ్చిన మార్పును అతడు లెక్కలోకి తీసుకోలేదు, కళ్ల ముందున్న లోకాన్ని సాక్ష్యం అడిగాడు. దైవభక్తుడి నోటనుంచి వచ్చినా ఇది ఎవరి పద్ధతో మనం గుర్తుపట్టలేకపోతే తప్పు మనది.

ఇంకొక సంగతి వుంది. యూదుడు కానివాడికి రక్షణ లేదని యూదు మతం అనదు. నోవహు సంతతికి, అంటే మానవులందరికీ, చెప్పిన ఏడు నియమాలను దైవాజ్ఞగా పాటించే అన్యజనుడికీ రాబోయే లోకంలో భాగముందని పన్నెండో శతాబ్దంలో మైమొనిదు రాశాడు. కాబట్టి యూదుడు కావడానికి పరలోకపు ఆశ కారణం కానక్కర లేదు. పైగా చేరతానని వచ్చినవాడిని మొదట వెనక్కి తిప్పమంటుంది తాల్ముదు. ఈ జనం పీడన అనుభవిస్తున్నదని నీకు తెలియదా, ఎందుకొచ్చావు, అని అడగమంటుంది. తెలుసు అన్నవాడిని చేర్చుకోమంటుంది. కొత్తరెడ్డిపాలెం కూలి ఈ ప్రశ్నకు జడుస్తాడని ఎవరూ అనుకోరు. ఒక చీటీ చించి ఇంకో చీటీ కొనుక్కున్నారని వెక్కిరించేవారికి నా జవాబు ఇది: చీటీల దుకాణం ఎందుకని అడిగే అవకాశం ఈ మార్పులో వుంది. 1844లో అచ్చైన మార్క్స్ వ్యాసంలోని ఆ పేరాలో చివరి మాట ఒక్కటే మనకు కంఠతా వచ్చు. దానికి ముందు వాక్యాల్లో ఆయన మతంలో దుఃఖాన్ని చూశాడు, ఆ దుఃఖం మీద నిరసనను కూడా చూశాడు. వాటిని మనం పరీక్షలకు కూడా చదవం.

ఇప్పుడు నా తగాదా. ఇంత మంచి ప్రశ్న వేసినవారు జవాబును రక్తంలో వెతుక్కున్నారు. మేము పశుమాంసం తింటాం, చనిపోయినవారిని పాతిపెడతాం, కనుక మేము ఎఫ్రాయిము గోత్రం అంటారు. గొడ్డు మాంసం తినడం మాదిగల తిండి. అది ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని కాదు, ఎవరి వంశవృక్షానికీ సాక్ష్యం కానక్కర లేదు. మాదిగవాడు మనిషిగా లెక్కకు రావడానికి ముందు ఇశ్రాయేలు బిడ్డ ఎందుకు కావాలి? ఈ అవసరం వారు కనిపెట్టింది కాదని నాకు తెలుసు. నీ పుట్టుక ఏమిటని అడగడం తప్ప మరో ప్రశ్న రాని సమాజం వారి చేత ఈ పని చేయించింది. డక్కలివారు చెప్పే జాంబపురాణంలో జాంబవుడు భూమికన్నా ముందు పుట్టాడు. అదీ ఈ ప్రశ్నకు జవాబే. కాని పుట్టుకను పుట్టుకతోనే ఎదుర్కొనేవాడు ఆట నియమం ఒప్పుకున్నట్టే. విచిత్రమేమంటే వారు చేరిన మతంలోనే ఇంతకన్నా మంచి దారి వుంది. రూతు మోయాబీయురాలు. ధర్మశాస్త్రం సమాజంలోకి రానివ్వవద్దన్న జాతి. ఆమె వచ్చింది, దావీదు రాజుకు ముత్తవ్వ అయింది. ఓబద్యా అనే కొత్తగా మారినవాడు, ప్రార్థనలో "మా పితరుల దేవుడు" అని నేను అనవచ్చునా అని మైమొనిదును అడిగితే, నిస్సంకోచంగా అనవచ్చునని ఆయన జవాబు రాశాడు. అబ్రాహాము మార్గంలో నడిచినవాడు అబ్రాహాము బిడ్డేనని ఆయన వాదం. మందుత్సియో ఏ గోత్రమూ చెప్పుకోలేదు. చదివాను, నమ్మాను అన్నాడు.

రక్తం మాట ఎత్తినవాడు ఆ రక్తాన్ని పరీక్షించే అధికారి గుమ్మంలో నిలబడక తప్పదు. మణిపూర్, మిజోరాంల బ్నే మెనషేకు 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తింపు ఇచ్చాడు. అయినా వారు శాస్త్రోక్తంగా మళ్లీ మతస్వీకారం చేసుకుంటేనే పౌరులు. ఇథియోపియా యూదులకు 1975లో తలుపు తెరిచారు. వారు దానం చేసిన రక్తాన్ని రోగభయంతో రహస్యంగా పారబోస్తున్నారని 1996లో బయటపడి వారు వీధికెక్కారు. రక్తం కలిసిందని వెళ్లినవారి రక్తానికి జరిగిన మర్యాద ఇది.

అంతకన్నా బరువైన సంగతి, నిర్గమకాండము తర్వాత కొన్ని పుస్తకాలు దాటగానే యెహోషువ గ్రంథం వస్తుంది. దాసులు చేరిన దేశంలో అప్పటికే మనుషులున్నారు. 1948లో ఏడు లక్షల మంది పాలస్తీనా అరబ్బులు ఇళ్లు విడిచి పోవలసివచ్చింది. 2023 అక్టోబరు తర్వాత గాజాలో జరిగిన విధ్వంసం లోకమంతా చూసింది. వూరి బయటకు నెట్టబడటమంటే ఏమిటో మాదిగపల్లెకు ఎవరూ నేర్పనక్కర లేదు. అటువంటివారు తమ విడుదలను ఇంకొకరిని నెట్టిన నేల మీద వెతుక్కోవడం నేను హర్షించలేను. ఈ మాట వారి ఎదుట కూడా అంటాను. అయితే మన సభలో నవ్వేవారితో కలిసి మాత్రం అనను.

ఎందుకంటే మనమిచ్చిన జవాబు ఏమంత గొప్పది? ఆర్థిక పునాది మారితే కులం దానంతట అదే రాలిపోతుందని దశాబ్దాల తరబడి చెప్పాం. పల్లెలోనుంచి ఎవరైనా లేచి, ఈలోగా బావి దగ్గర సంగతేమిటని అడిగితే, అది చీలిక తెచ్చే ప్రశ్న అన్నాం. ఇప్పుడు కాదు తర్వాత, ఇక్కడ కాదు అక్కడ. ఈ మాటల్ని పాస్టరు ఆదివారం చెప్పాడు, మనం మిగతా రోజుల్లో చెప్పాం. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టవలసివచ్చిందంటే మన లెక్కలో ఏదో తప్పిందని అప్పుడైనా ఒప్పుకోవలసింది.

శనివారం విషయం ఒకటి మిగిలింది. విశ్రాంతి దినానికి నిర్గమకాండము సృష్టి కథను కారణంగా చెబుతుంది. ద్వితీయోపదేశకాండము మరో కారణం చెబుతుంది: నువ్వు ఐగుప్తులో దాసుడిగా వున్నావు, కనుక నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రాంతి తీసుకోవాలి. నూటయాభై ఏళ్ల కిందట క్లౌ తన మాదిగ విశ్వాసులకు పెట్టిన మూడు నియమాలు చచ్చిన గొడ్డును తినకపోవడం, విగ్రహాలకు మొక్కకపోవడం, ఆదివారం పని చెయ్యకపోవడం. మొదటి రెండిటి కన్నా మూడోదే ఆసాములకు కోపం తెప్పించింది. ఆదివారం పనికి రామన్నందుకు పల్లెలు వేధింపులు పడ్డాయి. ఇప్పుడు కొత్తరెడ్డిపాలెంలో కూలికి పోయే యూదుడు శనివారం పని మానితే ఆ రోజు కూలి పోతుంది. మిరపకోతల కాలంలో అయితే ఆ మేస్త్రీ మర్నాడు పిలవకపోవచ్చు కూడా. వ్యవసాయ కూలికి వారానికొక రోజు జీతంతో సెలవు ఇవ్వవలసిందేనని పట్టుపట్టి ఎన్ని వూళ్లలో మన సంఘాలు సమ్మె చేశాయి? ఈ ప్రశ్న వచ్చే సభలో నేనే అడగబోతున్నాను. మిత్రులు జవాబు సిద్ధం చేసుకుని రావాలి.